కల్పిత సాక్ష్యం – కార్మికుని గొంతు

శ్రామికుల పక్షాన నిలబడిన రచయిత శ్రామికుల కోసం అబద్ధం ఆడవచ్చునా? మన సాహిత్య సభల్లో ఈ ప్రశ్నను ఇంత సూటిగా ఎవరూ వేయరు. కాని నిబద్ధత గురించీ, వాస్తవికత గురించీ జరిగే ప్రతి చర్చ వెనుకా ఈ ప్రశ్న ఉండనే ఉంటుంది. "మొత్తం మీద చెప్పింది నిజమే కదా, వివరాలు కాస్త అటూ ఇటూ అయితేనేం?" అనే సమాధానం కూడా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆ సమాధానం విలువ ఎంతో తేల్చుకోవడానికి 2012లో అమెరికాలో జరిగిన ఒక ఉదంతాన్ని కాస్త వివరంగా పరిశీలించవలసి ఉంది. అది ఒక నాటక కళాకారుని కథ. ఒక చైనా ఫ్యాక్టరీ కథ. అంతకంటె ముఖ్యంగా, విని కంటతడి పెట్టి, ఆ తర్వాత కోపగించిన శ్రోతల కథ.

మైక్ డైసీ అమెరికాలో ఏకపాత్ర ప్రదర్శనలిచ్చే కళాకారుడు. బల్ల ముందు కూర్చుని, ఎదురుగా కాగితాలు పెట్టుకుని, గంటల తరబడి కథ చెప్పి ప్రేక్షకులను కట్టిపడవేయగలవాడు. 2010లో ఆయన దక్షిణ చైనాలోని షెన్‌జెన్ నగరానికి వెళ్లాడు. యాపిల్ కంపెనీ ఫోన్లను తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి, ఒక దుబాసీ సహాయంతో కార్మికులతో మాట్లాడాడు. తిరిగి వచ్చి, యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ పేరు మీద ఒక ప్రదర్శన తయారుచేశాడు. జాబ్స్ 2011 అక్టోబరులో మరణించాడు. ఆ నెలలోనే ఆ ప్రదర్శన న్యూయార్కు రంగస్థలం ఎక్కింది. 2012 జనవరి 6న 'దిస్ అమెరికన్ లైఫ్' అనే ప్రసిద్ధ రేడియో కార్యక్రమం దానిలో ఒక భాగాన్ని ప్రసారం చేసింది.

ఆయన ఏమి చెప్పాడు? గేటు దగ్గర తుపాకులు పట్టుకున్న కాపలాదారులను చూశానన్నాడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు షిఫ్టు దిగి బయటికి వస్తుంటే వాళ్లతో మాట్లాడానన్నాడు. ఫోను తెరలు తుడిచే హెక్సేన్ అనే రసాయనం వల్ల నరాలు దెబ్బతిని, చేతులు వణికిపోతున్న కార్మికులను కలిశానన్నాడు. యంత్రంలో చేయి నలిగిపోయిన ఒక మనిషి గురించి చెప్పాడు. తాను తయారుచేసిన ఐప్యాడ్‌ను వెలుగుతుండగా ఆ మనిషి ఎన్నడూ చూడలేదట. డైసీ తన ఐప్యాడ్‌ను తెరిచి అతని చేతికిస్తే, ఆ పాడైన చేతితో తెరను తాకి అదేదో ఇంద్రజాలంలా ఉందన్నాడట. విన్నవాళ్ల గుండెలు కరిగాయి. ఆ కార్యక్రమ చరిత్రలో అంతవరకు ఏ భాగాన్నీ అంతమంది దించుకుని వినలేదు. సుమారు 8 లక్షల 88 వేల మంది దించుకున్నారు. రేడియో విన్న ఒక శ్రోత యాపిల్‌కు విజ్ఞాపన ప్రారంభించగా రెండున్నర లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ఫిబ్రవరిలో వాటిని మోసుకెళ్లి యాపిల్ దుకాణాల్లో అందజేశారు. చేతిలో ఉన్న వస్తువు వెనుక ఒక మనిషి చేయి ఉందన్న స్పృహ కొనుగోలుదారునికి కలగడం చిన్న విషయం కాదు.

చైనాలో చాలాకాలంగా పనిచేస్తున్న రాబ్ ష్మిట్జ్ అనే రేడియో విలేఖరికి మాత్రం ఈ కథలో కొన్ని అంశాలు పొసగలేదు. చైనాలో ప్రయివేటు కాపలాదారుల దగ్గర తుపాకులు ఉండవు. ఆయన డైసీకి దుబాసీగా పనిచేసిన మహిళను వెతికి పట్టుకున్నాడు. ప్రసారానికి ముందు రేడియోవారు ఆ దుబాసీతో మాట్లాడతామంటే, ఆమె ఇప్పుడు దొరకదని డైసీ చెప్పి ఉన్నాడు. ఆమె ఏమీ కష్టపడకుండానే దొరికింది. తుపాకులు చూడలేదన్నది. అంత చిన్న పిల్లలెవరూ తమకు తారసపడలేదన్నది. హెక్సేన్ బాధితులెవరినీ కలవలేదన్నది. చేయి నలిగిన మనిషిని కలిసిన మాట నిజమే, కాని తాను ఫాక్స్‌కాన్‌లో పనిచేశానని అతడు చెప్పలేదు, ఆ ఐప్యాడ్ దృశ్యం జరగనే లేదు అన్నది. 2012 మార్చి 16న ఆ రేడియో కార్యక్రమం ఒక పూర్తి భాగాన్ని కేటాయించి తన పాత ప్రసారాన్ని ఉపసంహరించుకుంది. సంచాలకుడు ఐరా గ్లాస్, దుబాసీ దొరకదన్నప్పుడే ప్రసారాన్ని ఆపవలసిందని ఒప్పుకున్నాడు. డైసీ మొదట సమర్థించుకున్నాడు: తనది నాటకమనీ, పత్రికారచన కాదనీ, దానిని రేడియోలో వార్తాకథనంగా వెయ్యనివ్వడమే పొరపాటనీ అన్నాడు. కొద్ది రోజుల తర్వాత శ్రోతలకూ, ప్రేక్షకులకూ క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇంతవరకు జరిగిన కథ. ఇందులో మనం గమనించవలసిన అసలు అంశం ఒకటుంది. డైసీ కల్పించినవి ఊహల్లోంచి ఊడిపడినవి కావు. హెక్సేన్ విషం నిజం. కాని అది షెన్‌జెన్‌లో జరిగినది కాదు. అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న సుజౌ నగరంలో, విన్‌టెక్ అనే మరొక కంపెనీలో జరిగింది. మామూలు ఆల్కహాలుకంటె హెక్సేన్ త్వరగా ఆరిపోతుంది, గంటకు మరికొన్ని తెరలు తుడవవచ్చు. ఆ కొన్ని తెరల కోసం 137 మంది కార్మికులు జబ్బుపడ్డారు. 2011 ఫిబ్రవరిలో యాపిల్ తన సొంత నివేదికలోనే ఈ సంఖ్యను ఒప్పుకున్నది. ఆ బాధితుల్లో కొందరు అదే నెలలో స్టీవ్ జాబ్స్‌కు ఉత్తరం రాశారు. అదే నివేదికలో, పది ఫ్యాక్టరీల్లో కలిపి వయసు చాలని 91 మంది పిల్లలు పనిలో ఉన్నట్టు తేలిందని కూడా యాపిల్ రాసుకున్నది. 2010లో ఒక్క ఏడాదిలో 14 మంది ఫాక్స్‌కాన్ కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. 2011 మే 20న చెంగ్‌డూలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో, ఐప్యాడ్ పెట్టెలకు మెరుగు పెట్టే చోట పేరుకున్న అల్యూమినియం ధూళి పేలి నలుగురు చనిపోయారు, 18 మంది గాయపడ్డారు. ఇవన్నీ డైసీ రేడియోలో మాట్లాడేనాటికే అచ్చులో ఉన్న సంగతులు.

అంటే ఆయనకు వాస్తవాల కొరత లేదు. ఆయనకు కావలసింది ఒక్కటే: "నేను చూశాను" అనే మాట. సుజౌ కార్మికుల వణికే చేతులను తెచ్చి తన ప్రయాణంలో అతికించుకున్నాడు. ఎవరి చేతులు వణికాయో వాళ్లు అప్పటికే సంతకాలు చేసి తమ సాక్ష్యం తామే చెప్పుకున్నారు. ఆ ఉత్తరం ఎంతమందిని కదిలించింది? అదే సంగతి ఒక అమెరికన్ కళాకారుడు వేదిక మీద కూర్చుని, తాను కళ్లారా చూసినట్టు చెబితే లక్షలమంది కదిలారు. ఈ ఉదంతంలో మొదటి అన్యాయం ఇక్కడే ఉన్నది. కార్మికుని సాక్ష్యానికి విలువ రావాలంటే దానిని మరొకడు తన పేరు మీద చెప్పవలసి వచ్చింది. డైసీ అబద్ధాన్ని తప్పుపట్టేవారు ఆ అబద్ధానికి గిరాకీ ఎలా వచ్చిందో కూడా ఆలోచించాలి.

ఇక జనస్పందన రెండవ దశ. ఉపసంహరణ తర్వాత శ్రోతలకు కోపం వచ్చింది. మమ్మల్ని మోసగించాడన్నారు. రావలసిన కోపమే. అయితే ఆ కోపం ఎటు మళ్లిందో చూడాలి. వారాల తరబడి పత్రికల్లో చర్చ జరిగింది. నాటకంలో సత్యం వేరు, వార్తలో సత్యం వేరా? కళాకారునికి ఎంత స్వేచ్ఛ ఉండాలి? రేడియో ఎందుకు సరిచూడలేదు? ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. కాని చర్చలోంచి ఫ్యాక్టరీ మాయమైపోయింది. తమ కన్నీళ్లు వృథా అయ్యాయన్న బాధ ముందుకు వచ్చింది, ఎవరి కోసం ఆ కన్నీళ్లు కార్చారో వాళ్లు వెనక్కి పోయారు. ఫాక్స్‌కాన్ నిజం బయటపడినందుకు సంతోషమనీ, దావా మాత్రం వేయబోమనీ ప్రకటించింది. పోగొట్టుకున్న పరువును ఏ దావా వేయకుండానే కొంత తిరిగి పొందింది.

ఉపసంహరణ జరిగిన పదమూడు రోజులకు, మార్చి 29న, ఫెయిర్ లేబర్ అసోసియేషన్ నివేదిక వెలువడింది. ఇది యాపిల్ స్వయంగా చేరిన సంస్థ, కంపెనీల డబ్బుతో నడిచే సంస్థ అన్న విమర్శ దాని మీద ఉన్నది. అటువంటి సంస్థ కూడా మూడు ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీల్లో 35 వేల మందికి పైగా కార్మికులను విచారించి ఏమి తేల్చింది? రద్దీ రోజుల్లో వారానికి 60 గంటలు దాటి పని చేయిస్తున్నారు. కొందరికి ఏడు రోజులకు మించి వరసగా సెలవు లేదు. 43 శాతం మంది ప్రమాదానికి గురయ్యారు లేదా కళ్లారా చూశారు. 64 శాతం మంది తమ జీతం కనీసావసరాలకు చాలదన్నారు. తుపాకులు లేవు, పన్నెండేళ్ల పిల్లల గుంపులు లేవు. ఉన్నది ఇది. తుపాకుల కథ విన్న చెవికి ఈ అరవై గంటల లెక్క చప్పగా వినిపించింది. కల్పిత సాక్ష్యం చేసే రెండవ అన్యాయం ఇదే: బట్టబయలైన తర్వాత అది నిజాన్ని అనుమానాస్పదం చేస్తుంది, బట్టబయలు కాక ముందే నిజాన్ని చిన్నబుచ్చుతుంది.

ఈ విషయం మా జిల్లా రచయితల గోష్ఠిలో ప్రస్తావించినప్పుడు ఒక యువకవి లేచి, "మాస్టారూ, పోతన భాగవతంలో శుక్రాచార్యుడు ఎప్పుడెప్పుడు బొంకవచ్చునో బలికి జాబితా చెప్పాడు కదా! దానిలో శ్రామికుణ్ణి కూడా చేర్చుకుంటే సరిపోతుంది" అన్నాడు. సభ నవ్వింది. పదవ తరగతి పిల్లలకు పాఠం చెప్పే అలవాటు కొద్దీ నేను ఆ జాబితాను మళ్లీ చదివి చూడమన్నాను. ఆడవారి విషయం, పెళ్లి వ్యవహారం, ప్రాణం, విత్తం, మానం, గోబ్రాహ్మణ రక్షణ. ఆస్తీ, పరువూ, అధికారమూ ఉన్నవాడు వాటిని కాపాడుకోవడానికి రాసుకున్న జాబితా అది. శ్రామికుడు దానిలో లేకపోవడం మరపు వల్ల జరిగినది కాదు. అబద్ధం ఉన్నవాడికే భరించగలిగే విలాసం. కంపెనీ వంద అబద్ధాలాడి నూటొకటోసారి పట్టుబడితే జరిమానా కట్టి బయటపడుతుంది. కార్మికుని దగ్గర ఉన్న ఒకే ఒక ఆస్తి అతని మాట. దానిని అతని పేరు చెప్పి మనం ఖర్చు చేస్తే, మళ్లీ సంపాదించుకోవలసింది అతడే.

అయితే కల్పన పనికిరాదా? కథలూ నవలలూ మానివేయాలా? ఈ ప్రశ్న వేసేవారికి అప్టన్ సింక్లేర్‌ను గుర్తు చేస్తాను. 1904లో ఆయన చికాగో కబేళాల్లో ఏడు వారాలు తిరిగి 'ది జంగిల్' రాశాడు. అది నవల, అని పుస్తకం మీదనే చెప్పాడు. దానిలోని కథానాయకుడు కల్పితుడని పాఠకుడికి తెలుసు. అయినా ప్రచురణకర్తలు అచ్చువేయడానికి ముందు ఒక లాయరును చికాగో పంపి నిజానిజాలు విచారించుకున్నారు. 1906లో పుస్తకం వెలువడి గొడవ చెలరేగితే, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇద్దరు అధికారులను పంపించాడు. సింక్లేర్ రాసినవాటిలో చాలా భాగం నిజమేనని వాళ్లు చెప్పారు. ఆ ఏడాది జూన్ 30న మాంస తనిఖీ చట్టం వచ్చింది. సింక్లేర్‌కు మిగిలిన అసంతృప్తి వేరు: కార్మికుల కోసం రాస్తే పాఠకులు తమ పళ్లెంలోని మాంసం గురించి భయపడ్డారు. చట్టం తినేవాణ్ణి కాపాడింది, కోసేవాణ్ణి కాదు. స్పందన ఎప్పుడూ రచయిత చెప్పిన దారినే పోదనడానికి ఇదొక ఉదాహరణ. కాని విచారణకు వెళ్లినవాళ్ల ముందు నవల నిలబడింది. కల్పన తానెవరో చెప్పుకుని వచ్చింది కనుక దానిని ఎవరూ దొంగ అనలేకపోయారు. డైసీది కల్పన కావడం నేరం కాదు. అది సాక్ష్యం వేషం వేసుకుని రావడం నేరం.

ఈ జాగ్రత్త బూర్జువా పత్రికల నీతి అనీ, మనకు పట్టదనీ అనుకునే మిత్రులుండవచ్చు. మన సంప్రదాయం వేరే చెబుతోంది. 1832లో బ్రిటిషు పార్లమెంటులో శాడ్లర్ కమిటీ బాలకార్మికుల సాక్ష్యాలు సేకరించింది. ఆ సాక్ష్యాలు చదివి దేశం నివ్వెరపోయింది. యజమానులు వెంటనే ఎదురు దాడికి దిగారు: సాక్షులను ఏరి తెచ్చారనీ, ప్రమాణం చేయించలేదనీ, అతిశయోక్తులనీ అన్నారు. మరో విచారణ సంఘం వేయించారు. పదేళ్లు దాటిన తర్వాత, 1845లో, ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల మీద పుస్తకం రాసిన ఏంగెల్స్ ఏమి చేశాడు? శాడ్లర్ నివేదిక కార్మికులకు అనుకూలమైనదే అయినా, అది ఒక పక్షం తన ప్రయోజనం కోసం తయారుచేసినదని నిర్మొహమాటంగా రాశాడు. యజమానుల పట్ల మెతకగా ఉన్న రెండవ సంఘం నివేదికలోంచే వాళ్ల నేరాలను ఎత్తి చూపించాడు. శత్రువు సాక్ష్యంతోనే శత్రువుకు శిక్ష వేయించడం అంటే ఇదే.

1833 చట్టం తొమ్మిదేళ్లలోపు పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టుకోరాదన్నది, నలుగురు తనిఖీ అధికారులను నియమించింది. వారిలో లెనార్డ్ హార్నర్ ఒకడు. ఆ అధికారుల నివేదికలను మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథంలో పుటల కొద్దీ ఉటంకించాడు. పనిదినం గురించిన అధ్యాయంలో ఆవేశం లేదని ఎవరనగలరు? ఆ ఆవేశం కింద తేదీలున్నాయి, మిల్లుల పేర్లున్నాయి, నిమిషాల లెక్కలున్నాయి. ఇంత జాగ్రత్తపడినవాణ్ణి కూడా వదిలిపెట్టలేదు. 1863లో గ్లాడ్‌స్టన్ చేసిన బడ్జెట్ ప్రసంగంలో లేని వాక్యాన్ని మార్క్స్ కల్పించాడని 1872లో ఒక జర్మన్ పత్రిక పేరు లేని వ్యాసంలో ఆరోపించింది. అది బ్రెంటానో అనే ప్రొఫెసరు రాసినదని తర్వాత తెలిసింది. మార్క్స్ ఆనాటి లండన్ పత్రికల్లో ఆ వాక్యం అచ్చయిందని చూపించాడు. ఆయన మరణించాక కూడా ఆరోపణ మళ్లీ లేచింది. కుమార్తె ఎలినార్ జవాబు చెప్పింది, చివరకు 1890లలో ఏంగెల్స్ ప్రత్యేకంగా ఒక పుస్తకమే వేయవలసి వచ్చింది. ఇరవై ఏళ్లు ఒక్క వాక్యం మీద పోరాటం! ప్రత్యర్థికి తెలుసు: ఆ ఒక్క వాక్యం దొంగదని రుజువైతే మిగతా గ్రంథమంతటినీ చదవనక్కరలేదని లోకానికి చెప్పవచ్చు. కడవెడు పాలు విరగడానికి ఒక్క ఉప్పుకల్లు చాలు.

ఇక్కడ ఒక తేడాను కూడా స్పష్టం చేయాలి. రచయిత కల్పించే సాక్ష్యం వేరు, కార్మికుల మధ్య పుట్టే వదంతి వేరు. ఇదే ఫాక్స్‌కాన్ ఇప్పుడు మనకు దూరదేశపు పేరు కాదు. 2015లో మన శ్రీసిటీలో ఫోన్ల తయారీ ప్రారంభించింది. చెన్నైకి అవతల శ్రీపెరుంబుదూరులో దాని ఫ్యాక్టరీలో ఐఫోన్లు తయారవుతాయి. 2021 డిసెంబరులో అక్కడి స్త్రీ కార్మికులున్న హాస్టల్లో తిండి వికటించి 250 మందికి పైగా జబ్బుపడ్డారు, 159 మంది ఆసుపత్రిలో చేరారు. తోటి అమ్మాయిలు ఏమయ్యారో చెప్పే దిక్కులేదు. కొందరు చనిపోయారన్న వదంతి లేచింది. వేలమంది చెన్నై–బెంగళూరు రహదారి మీద బైఠాయించారు. చనిపోయినవారెవరూ లేరని తర్వాత తేలింది. తేలగానే "చూశారా, అంతా పుకారు" అన్నవారున్నారు. కాని ఇరుకు గదులు పుకారు కాదు, నేల మీద పడకలు పుకారు కాదు. హాస్టళ్లూ భోజనశాలలూ తన ప్రమాణాలకు తగినట్టు లేవని యాపిలే ఒప్పుకుని, ఆ ఫ్యాక్టరీని పరిశీలనలో పెట్టింది. సమాచారం దాచినచోట వదంతి పుడుతుంది. దానికి బాధ్యత దాచినవాడిది. సమాచారం చేతిలో ఉంచుకుని డైసీ కల్పించాడు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి కార్మికులను అబద్ధాలకోరులుగా చూపించే వాదనను మనం అంగీకరించరాదు. ఆ వాదన మన నోటి నుంచి తిప్పికొట్టే అర్హత మనకు ఉండాలంటే, మన సాక్ష్యం శుభ్రంగా ఉండాలి.

మరి రచయిత చేయగలిగింది ఏమిటి? డైసీ వివాదం జరిగిన 2012లోనే చైనాలో జెంగ్ షియావోచియాంగ్ అనే కవయిత్రి స్త్రీ కార్మికుల మీద ఒక కవితాసంపుటి వెలువరించింది. ఆమె స్వయంగా డాంగ్వాన్ ఫ్యాక్టరీల్లో పనిచేసిన మనిషి. తోటి స్త్రీలను కలిసి, మాట్లాడి, వాళ్ల పేర్లనే కవితలకు శీర్షికలుగా పెట్టింది. డైసీ కార్మికులకు పేర్లు లేవు, ఆమె కవితల్లో పేరు లేని కార్మికురాలు అరుదు. షెన్‌జెన్ ఫాక్స్‌కాన్‌లోనే పనిచేసిన షూ లీజీ అనే యువకుడు యంత్రం ముందు నిలబడిన తన బతుకును కవితలుగా రాశాడు. 2014 సెప్టెంబరులో, 24 ఏళ్ల వయసులో, అతడు బలవన్మరణం పాలైన తర్వాతనే ప్రపంచం ఆ కవితలు చదివింది. ఆ గేటు ముందు డైసీ కథ కోసం వెతికాడు. కథ ఆ గేటు లోపలే, తన భాషలో, తన చేతిరాతలో తయారవుతూ ఉన్నది.

మన కథకులకూ, ఈ పత్రిక చదివే విద్యార్థులకూ నేను చెప్పదలచింది ఇది. కథ రాస్తే కథ అని చెప్పి రాయండి, ఎంత కల్పించినా మీ ఇష్టం, కల్పనలో జీవితం ఉందో లేదో పాఠకుడు తేల్చుకుంటాడు. వ్యాసం రాసినా, నివేదిక రాసినా, వేదిక ఎక్కి "నేను చూశాను" అన్నా, చూసినదే చెప్పండి. చూడనిది తెలిస్తే, ఎవరు చూశారో వాళ్ల పేరున చెప్పండి. వాళ్లకు నోరు ఉంటే, మనం పక్కకు జరిగి వాళ్ల నోటనే చెప్పించాలి. సుజౌ కార్మికుల ఉత్తరాన్ని ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించి ఉంటే డైసీ ప్రదర్శనలో కొన్ని కన్నీళ్లు తగ్గి ఉండేవేమో. కాని మార్చి 16న ఉపసంహరించుకోవలసింది ఏమీ ఉండేది కాదు, 137 మంది మాట 137 మందిదిగానే నిలబడేది.